గేటు దగ్గరి తొట్టి

మూడో అంతస్తు, వంటింటి బల్ల

అక్కా,

ముందు శుభవార్త విను. నీ తమ్ముడికి మళ్ళీ కొమ్ములు మొలిచాయి.

రిటైరైన దగ్గర్నుంచి నేను వెలగబెట్టిన ఘనకార్యం ఏముంది, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని కింద రోడ్డు మీద వచ్చే బస్సులన్నీ ఆలస్యమని గొణుక్కోవడం తప్ప? మొన్న శనివారం రైతుల సంతకి క్యారెట్ల కోసం వెళ్ళాను. జన్మంతా రైల్లో టికెట్లు అడిగిన నోరు ఊరుకుంటుందా? "ఇవి మీ పొలంలో పండినవేనని రుజువేంటి?" అని అమ్మేవాణ్ణి అడిగేశాను. పక్కనే సంత సంఘం అధ్యక్షురాలు నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "మీలాంటి మనిషి కోసమే ఎదురుచూస్తున్నామండీ" అంది. నీ మరదలు బతికుండగా కూడా నన్ను ఆ మాట అనలేదు.

సంగతేమిటంటే, ఆ సంతలో ఎవరు పండించింది వాళ్ళే అమ్మాలి. బయట కొన్నది తెచ్చి అమ్మకూడదు. అది నిజమో కాదో పొలాలకి వెళ్ళి చూసి రావడానికి ఒక మనిషి కావాలి. జీతం లేదు. బ్యాడ్జీ ఉంది. నాకు బ్యాడ్జీ చాలు.

నిన్న మొదటి తనిఖీ, క్యాబేజీలు పండించే పెద్దాయన దగ్గర. స్టేషన్లో వీడ్కోలు నాడు కొనిచ్చిన తోలు బూట్లు వేసుకుని వెళ్ళాను. గేటుకి అడ్డంగా ఒక రేకు తొట్టి, అందులో ఏదో మందు కలిపిన నీళ్ళు. "కాళ్ళు అందులో ముంచి రండి!" అని ఆయన లోపల్నుంచి కేక పెట్టాడు. కొత్త తోలు అక్కా! అటూ ఇటూ చూసి ఒక్క దూకు దూకాను. ఈ వయసులో ఆ దూకుడు నువ్వు చూసి ఉండాల్సింది. ఎవరూ చూడలేదు, అదొక్కటే లోటు.

లోపల టోపీ పెట్టుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు. నమస్కారం పెట్టి, బ్యాడ్జీ చూపించి, నేను ఫలానా అన్నాను. పలకడు. పొగరనుకున్నాను. గొంతు పెంచి నిబంధనలు చదవడం మొదలుపెట్టాను. పెద్దాయన వెనకనుంచి వచ్చి, "దాంతో ఏం మాట్లాడతారు, అది దిష్టిబొమ్మ" అన్నాడు. నా తల కొట్టేసినట్టయింది. బొమ్మ మాత్రం చాలా హుందాగా ప్రవర్తించింది.

ఇంకో సంగతి. పొలంలో ఒక మూలకి తాడు కట్టి ఉంది. "అటు మాత్రం కాలు పెట్టకండి" అన్నాడాయన. అక్కా, టికెట్ లేనివాడు రైల్లో ఎక్కడ దాక్కుంటాడో నాకు తెలుసు, తలుపు గడియ పెట్టుకున్న చోట. ఆయన టీ తేవడానికి వెళ్ళగానే తాడు కిందనుంచి దూరి ఆ మూలంతా కలియతిరిగాను. ఏమీ లేదు. గడ్డి, బురద. ఆ బురదలో మడమల దాకా కూరుకుపోయాను. పెద్దాయనకి నేను వెళ్ళినట్టు తెలీదులే.

ఫోన్లో చెబుదామంటే నా మాట రైలు అనౌన్స్‌మెంట్‌లా ఉంటుందంటావు కదా, అందుకే రాస్తున్నాను.

నీ తనిఖీదారు తమ్ముడు


నారు షెడ్డు, నీళ్ళ పైపు పక్కన

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం చదువుతూ పైపు పట్టుకున్న సంగతి మర్చిపోయాను. మొక్కల మీద పడాల్సిన నీళ్ళన్నీ నా మీద పడ్డాయి. దిష్టిబొమ్మకి నిబంధనలు చదివి వినిపించావా! షెడ్డులో ఒక్కదాన్నే పిచ్చిదానిలా నవ్వుతుంటే, దారిన పోయే పాలాయన సైకిలాపి "ఏమ్మా, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగాడు.

నువ్వు ఇన్ని మాటలు రాసి ఎన్నాళ్ళయిందో నీకు గుర్తుందా? నాకుంది.

సంత నిబంధనలు నాకే చెబుతున్నావా? అక్కడ క్యాబేజీ, కాలీఫ్లవర్ వేసే వాళ్ళందరికీ నారు పోసి ఇచ్చేది నేనే. నారు నాది, పెంపకం వాళ్ళది. సంతలో నాకూ ఒక బల్ల ఉంది. అంటే ఇకనుంచి నువ్వు నా మీద కూడా అధికారివన్నమాట. కాళ్ళకి దణ్ణం పెట్టమంటావా, బ్యాడ్జీకి పెట్టమంటావా?

ఆ మూలలోకి వెళ్ళి ఉండాల్సింది కాదు. మట్టి పనిచేసే వాడు వద్దన్నాడంటే ఊరికే అనడు. గేటు దగ్గర తొట్టి కూడా అలంకారానికి పెట్టరు. బూట్లు శుభ్రంగా కడుక్కో.

అక్క


మూడో అంతస్తు, అదే బల్ల

అక్కా,

బూట్ల గురించి నువ్వు దిగులు పడక్కర్లేదు. రోజూ పొద్దున్నే పాలిష్ వేసి, మొహం కనిపించేలా తుడుస్తున్నాను. ఆ మొహం చూసుకుని ఒక్కోసారి నాకే భయం వేస్తోంది. ఒక్క చుక్క నీళ్ళు తగలనివ్వలేదు. తోలుకి నీళ్ళు పడవు.

ఈ నెలలో రెండు పొలాలు చూశాను. కాలీఫ్లవర్ దంపతులు మంచివాళ్ళు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆ మాటనే మళ్ళీ చెబుతారు. వాళ్ళ పొలం ఎర్రమట్టి. కంపోస్టు ఎరువు చూపించి, "చేత్తో పట్టుకుని చూడండి, ఎంత బాగుందో" అన్నారు. "చూడండి, ఎంత బాగుందో" అంది ఆవిడ. పట్టుకున్నాను. అనుభవజ్ఞుడిలా వాసన కూడా చూశాను. ఇంటికొచ్చి సబ్బు అరగదీశాను.

తర్వాత ముల్లంగి మాస్టారు. బడి మానేసి ముల్లంగి పట్టుకున్నాడు. ఇసక నేల. నన్ను ఒక ముల్లంగి పీకమన్నాడు. బలమంతా పెట్టి లాగాను. అది సులువుగా వచ్చేసింది, నేను వెల్లకిలా పక్క సాలులో పడ్డాను. "పిల్లలు కూడా మొదటిసారి ఇలాగే పడతారండీ" అని ఓదార్చాడు.

రెండు చోట్లా గేటు దగ్గర తొట్టి ఉంది. రెండు చోట్లా దూకాను. ఇప్పుడు బాగా అలవాటైంది. చేతులు కాస్త ముందుకి చాపితే బూటు తడవదు.

నీ షెడ్డు ఎప్పుడు చూపిస్తావు? అక్కవని వదిలిపెడతానని ఆశపడకు.

తమ్ముడు


మూడో అంతస్తు

అక్కా,

నెల దాటినా నీ జవాబు రాలేదు, ఈలోగా ఇది రాయాల్సి వచ్చింది. మనసేం బాగాలేదు.

కాలీఫ్లవర్ దంపతుల తోటకి తెగులొచ్చింది. ఎండెక్కితే ఆకులు వాలిపోతున్నాయి, సాయంత్రానికి కాస్త లేస్తున్నాయి, మర్నాడు మళ్ళీ వాలిపోతున్నాయి. ఒక మొక్క పీకి చూపించారు. వేర్లు బుడిపెలు కట్టి, వాచిన వేళ్ళలా ఉన్నాయి. ఆయన మాట్లాడలేదు. ఆవిడ కూడా ఆయన తర్వాత ఏమీ అనలేదు. వాళ్ళిద్దరూ ఒకేసారి మౌనంగా ఉండటం మొదటిసారి చూశాను.

ఇది మట్టిలో ఉండే తెగులట. ఒకసారి పట్టుకుంటే ఆ నేలలో ఏళ్ళ తరబడి క్యాబేజీ జాతి ఏదీ, ముల్లంగి కూడా, నిలవదట. ఎక్కణ్ణుంచి వచ్చిందో తేల్చమని అధ్యక్షురాలు నాకు అప్పగించింది. నాకా, ఒళ్ళు పులకరించింది. టికెట్ లేని వాణ్ణి పట్టుకోవడం నా విద్య కదా! కాకుల్ని అనుమానించాను. ఎరువు బండివాణ్ణి అనుమానించాను. ఒక కుక్క వెంట ఊరి చివరిదాకా వెళ్ళాను. అది తిరిగి నన్ను అనుమానించి వెంటపడింది.

చివరికి తేలింది చెబుతున్నాను, కోపగించుకోకు. కాలీఫ్లవర్ వాళ్ళ తోటలోకి బయటినుంచి వచ్చింది ఒక్కటే. నీ నారు.

సంఘంలో ఈ మాట చెప్పాను. లేచి నిలబడి, అందరూ వినేలా చెప్పాను. నువ్వు నా అక్కవని దాచిపెడితే ఈ బ్యాడ్జీకి అర్థమేముంది?

తమ్ముడు


నారు షెడ్డు

తమ్ముడూ,

నేను నారు పోసే మట్టిని ముందు డ్రమ్ములో వేసి ఆవిరి పడతాను. బుడిపెలు కట్టించే తెగులు ఆవిరికి చచ్చిపోతుంది. ఈ సంగతి మీ సంఘంలో చెప్పు. నమ్మితే నమ్ముతారు, లేకపోతే లేదు.

ఒకటి అడుగుతాను. వాళ్ళ తోటలో తెగులు ఎక్కణ్ణుంచి మొదలైంది? మధ్యలోనా, గేటు పక్కనా?

పోనీలే, నువ్వేం చెప్పక్కర్లేదు. ఈ గొడవ తేలేదాకా ఎవర్నీ ఏ పొలానికీ పంపొద్దని అధ్యక్షురాలికి చెప్పు. నువ్వు కూడా వెళ్ళకు. ముఖ్యంగా నువ్వు వెళ్ళకు. ఇంట్లో కూర్చుని నాకు ఉత్తరాలు రాయి.

అక్క


రైతుల సంత కార్యాలయం, ముందు గది

నారు పెంపకందారు గారికి,

తమరి వద్దనుంచి వచ్చిన నారుపై అనుమానాలున్నందున, విచారణ ముగిసేవరకూ సంతలో తమరి బల్ల నిలిపివేయడమైనది.

అక్కా, పైది ఆఫీసు వాళ్ళు రాయమన్నది. కిందిది నేను రాస్తున్నది. ఓటు వేసేటప్పుడు నేను బయటికొచ్చి వరండాలో నిలబడ్డాను. లోపల చేతులెత్తుతున్నది కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. నువ్వు మట్టికి ఆవిరి పడతావని చెప్పాను. "అందరూ అలాగే అంటారు" అన్నారు. టికెట్ పోయిందన్న ప్రతివాడితోనూ నేను అన్నమాటే అది.

గేటు పక్కనే మొదలైంది. ఎందుకడిగావు?

తనిఖీలు ఆపమని ఎందుకన్నావు? తప్పు నీదైతే తనిఖీ ఆగాలని నువ్వు కోరుకోవడం సహజమే అని ఇక్కడ ఒకరన్నారు. నేను ఒప్పుకోలేదు. గట్టిగా కాదనీ అనలేదు.

వచ్చే వారం నేనే వచ్చి నీ షెడ్డు చూస్తాను. నీ మట్టి, నీ డ్రమ్ము కళ్ళారా చూసి, వీళ్ళ నోళ్ళు మూయిస్తాను.

తమ్ముడు


నారు షెడ్డు

తమ్ముడూ,

నువ్వు రావద్దు.

నాకు జ్వరం. షెడ్డుకి రంగు వేయిస్తున్నాను. బస్సులు కూడా సరిగా లేవు. ఏది నచ్చితే అది నమ్ము, కానీ రావద్దు.

బల్ల పోతే పోయింది. నా గురించి దిగులు పెట్టుకోకు. వేళకి తింటున్నావా? ఆ కుర్చీ కిటికీ దగ్గర్నుంచి తీసేశావా లేదా?

అక్క


మూడో అంతస్తు, వంటింటి బల్ల, ఉత్త కాళ్ళతో

అక్కా,

నిన్న జరిగింది నీకు తెలుసు. సగమే తెలుసు. మిగతా సగం రాస్తాను.

పొద్దున ముల్లంగి మాస్టారు రమ్మని కబురు పెట్టాడు. వెళ్ళాను. ఆయన ముల్లంగులకీ అదే తెగులు. "మీ అక్కగారి ఖాతాలో ఇది కూడా వేసుకోండి" అన్నాడు వెటకారంగా. తల వంచుకుని అక్కణ్ణుంచి తిన్నగా బస్సెక్కి నీ దగ్గరికి వచ్చాను. నువ్వు వద్దన్నా వచ్చాను, ఎప్పుడు విన్నాను గనక! నిన్ను ఓదార్చాలని కొంత. డ్రమ్ము చూడాలని ఎక్కువ.

నువ్వు షెడ్డులోంచి పరిగెత్తుకొచ్చి గేటుకి అడ్డంగా నిలబడ్డావు. జ్వరం లేదు, రంగూ లేదు. "అక్కడే ఆగు!" అని అరిచావు. నామీద నువ్వు అలా అరవడం నేనెరగను. తర్వాత నువ్వే కింద కూర్చుని నా బూట్ల తాళ్ళు విప్పావు. రెంటినీ ప్లాస్టిక్ సంచిలో వేసి, గట్టిగా ముడేసి, నా చేతిలో పెట్టావు. "ఇప్పుడు కాళ్ళు కడుక్కుని లోపలికి రా" అన్నావు.

నేను వచ్చానా? లేదు. గౌరవం దెబ్బతింది. తనిఖీదారుని బూట్లు విప్పిస్తుందా అనుకున్నాను. సంచి పట్టుకుని, మేజోళ్ళతో గులకరాళ్ళ మీద, ఎంతో ఠీవిగా, ప్రతి అడుక్కీ "అబ్బా" అనుకుంటూ వెనక్కి నడిచాను. నువ్వు "తమ్ముడూ" అని పిలిచావు. వినపడనట్టు నటించాను.

బస్సులో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. "అందులో చేపలాండీ?" అని అడిగాడు కండక్టరు. బూట్లని చెప్పాను. నా మేజోళ్ళు చూశాడు, సంచి చూశాడు, ఇంకేమీ అడక్కుండా టికెట్ చింపి ఇచ్చాడు. ఒక టికెట్ మనిషి ఇంకో టికెట్ మనిషి మీద జాలి పడటం ఎలా ఉంటుందో నాకు నిన్న తెలిసింది.

ఆ సంచిలో బూట్ల అడుగు భాగం నా వైపు తిరిగి ఉంది. పైన చూస్తే అద్దంలా మెరుస్తోంది. అడుగున ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా నేను చూసుకోలేదు. గాడుల్లో మట్టి పొరలు పొరలుగా గట్టిపడి ఉంది. పైపైన ఆ పొద్దుట ముల్లంగి పొలంలో అంటిన తడి ఇసక. దాని కింద కాలీఫ్లవర్ వాళ్ళ ఎర్రమట్టి. అన్నిటికంటే లోపల, మడమ దగ్గర, పెద్దాయన తాడు కట్టిన మూలలోని నల్లటి బురద.

ముల్లంగికి నారు పోయరు కదక్కా. విత్తనం తిన్నగా నేల్లోనే వేస్తారు. మాస్టారు నీ దగ్గర ఒక్క మొక్క కూడా కొనలేదు. ఆయన పొలంలోకి బయటినుంచి వెళ్ళింది నేనొక్కణ్ణే. కాలీఫ్లవర్ వాళ్ళ గేటు పక్కన, నేను దూకి దిగిన చోటే తెగులు మొదలైంది.

కాకుల్ని అనుమానించాను. కుక్కని అనుమానించాను. నిన్ను అనుమానించాను. ఊరంతా గాలించిన దొంగ పాలిష్ చేసిన నా బూట్లలో ఫస్ట్ క్లాసులో కూర్చుని నాతోపాటు ప్రయాణం చేస్తున్నాడు.

బస్సు దిగి ఇంటికి వెళ్ళలేదు. అదే అవతారంతో సంత కార్యాలయానికి వెళ్ళాను. సమావేశం జరుగుతోంది, రైతులందరూ ఉన్నారు. సంచి బల్ల మీద పెట్టి మొత్తం చెప్పాను. ఎవరికీ అర్థం కాలేదు. "తొట్టి దూకారా? ఎలా దూకారు?" అంది అధ్యక్షురాలు. దూకి చూపించాల్సి వచ్చింది, అక్కా. రెండు కుర్చీల మధ్య, చేతులు ముందుకి చాపి, మేజోళ్ళతో. ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. కాలీఫ్లవర్ ఆయన లేచి, "మా నేల అండీ అది" అన్నాడు. ఆవిడ ఆ మాటని మళ్ళీ అనలేదు. నాకు ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడ్చాను.

పెద్దాయన మాత్రం, "ఆ మూల మట్టిలో ఈ తెగులుందని, అందుకే తాడు కట్టానని ఒక్కమాట చెప్పి ఉంటే బాగుండేది" అని తన్ను తాను తిట్టుకున్నాడు. అది ఇంకా భరించలేకపోయాను.

బ్యాడ్జీ తీసి బల్ల మీద పెట్టాను. నీ బల్ల నీకు తిరిగి ఇచ్చారు. దానికి వేరే ఉత్తరం వస్తుంది, సంతకం నాది కాదు. రేపట్నుంచి ఆ రెండు పొలాల్లో తెగులు మొక్కలు పీకి తగలబెట్టడానికీ సున్నం చల్లడానికీ వెళ్తున్నాను. రమ్మని వాళ్ళు అనలేదు. రావద్దనీ అనలేదు.

నన్ను క్షమించమని అడగడానికి మొహం చెల్లడం లేదు. ఒక్కటి మాత్రం చెప్పు. నీకు ఎప్పట్నుంచి తెలుసు?

తమ్ముడు


నారు షెడ్డు, సాయంత్రం టీ తాగుతూ

ఒరే తమ్ముడూ,

"రెండు చోట్లా దూకాను" అని రాశావు చూడు, అప్పుడే ఆ బూట్ల మీదికి మనసు పోయింది. గేటు పక్కన మొదలైందని రాశాక ఇంక అనుమానం లేదు.

ఎందుకు చెప్పలేదో కూడా చెబుతాను. నీ భార్య పోయాక, ఉద్యోగం కూడా అయిపోయాక, ఏడాది పొడుగునా నువ్వు ఆ కిటికీ దగ్గర కూర్చుండిపోయావు. నేను వస్తే "ఆఁ", ఫోన్ చేస్తే "ఊఁ". వండి పెట్టింది అలాగే వదిలేసేవాడివి. నిన్ను అక్కడ వదిలి వెనక్కి వచ్చేటప్పుడు బస్సంతా ఏడుస్తూనే వచ్చేదాన్ని. అలాంటిది ఒకరోజు దిష్టిబొమ్మకి నిబంధనలు చదివిన ఉత్తరం వచ్చింది. నా తమ్ముడు తిరిగొచ్చాడనుకున్నాను. ఆ బూట్ల సంగతి నోరు జారితే నువ్వు మళ్ళీ ఆ కుర్చీలోకి వెళ్ళిపోతావేమోనని భయపడ్డాను. సంతలో బల్ల పోతే పోయింది, ఇంటి దగ్గరే నారు అమ్ముకుందాం అనుకున్నాను.

నేను చేసింది మంచిపని కాదు. మనసూరుకోక నిన్న కాలీఫ్లవర్ ఆవిడ ఇంటికి వెళ్ళి నేనూ ఒప్పుకున్నాను. చాలాసేపు తిట్టింది. తర్వాత ఆయన తిట్టాడు, అవే తిట్లు. వచ్చే పంటకి చిక్కుడు వేసుకుంటారట. చిక్కుడుకి ఈ తెగులు రాదు. విత్తనాలు నేనిస్తానన్నాను.

నువ్వు మొన్న కూడా వాళ్ళ పొలంలో సున్నం చల్లావని ఆవిడే చెప్పింది. "గాలికి ఎదురుగా నిలబడి చల్లాడు, మనిషంతా తెల్లగా అయిపోయాడు, దిష్టిబొమ్మలా ఉన్నాడు" అంది. చెబుతూ చెబుతూ నవ్వేసింది. తిట్టినావిడ నవ్విందంటే కొంత నయమే. నీకు టీ కూడా ఇచ్చిందట కదా, అది నాకు ఎందుకు రాయలేదు?

అధ్యక్షురాలు నా దగ్గరికి వచ్చి వెళ్ళింది. పొలాలు చూడటానికి జనం బస్సులో వస్తారట, ప్రతి గేటు దగ్గరా ఒక మనిషి కావాలట. తొట్టిలో కాళ్ళు ముంచని వాళ్ళని ఎంత పెద్దవాళ్ళయినా లోపలికి వదలని మనిషి. "మీ తమ్ముడిని మించినవాడు దొరకడు" అంది. నీ బ్యాడ్జీ నా చేతికిచ్చింది. దాన్ని పోస్టులో పంపను. వచ్చి తీసుకో.

ఆదివారం రా. జ్వరం లేదు, రంగులు లేవు, బస్సులు బాగానే ఉన్నాయి. నా గేటు దగ్గర కూడా కొత్తగా తొట్టి పెట్టించాను. కాస్త వెడల్పుగా చేయమన్నాను. చేసినవాడు "ఇంత వెడల్పెందుకమ్మా, ఎవరూ దాటలేరు" అన్నాడు. "మా తమ్ముడొస్తున్నాడు" అన్నాను.

అక్క